మెట్టెలకు జాగా ఏది?

2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో మహిళా అభ్యర్థులు 800 మీటర్ల పరుగును 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాల్సి ఉండేది. లాంగ్ జంప్, షాట్‌పుట్ ఆ తర్వాతే. పరుగులో తప్పితే మిగతావాటి దాకా వెళ్లే పనే లేదు. కొత్త నోటిఫికేషన్ రాబోతోందన్న మాట వినబడితే చాలు, ఉప్పల్ భగాయత్ వెడల్పు రోడ్ల మీదా, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దారిలోనూ తెల్లవారకముందే ఆడపిల్లల జట్లు కనిపిస్తాయి. వాళ్ల కాళ్లకేసి చూడండి. అన్న వదిలేసిన బూట్లు, బడినాటి తెల్ల కాన్వాసు, రోడ్డు పక్కన కొన్న పేరులేని జత, అక్కడక్కడా ఒక అసలైన రన్నింగ్ షూ.

ఈ సంవాదం అలాంటి ఒక అమ్మాయి బూట్ల గురించి. మల్లాపూర్‌లో ఒక ఇంటి మేడ మీద అద్దెకుంటుంది. మూడేళ్ల పాప ఉంది. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని, షిఫ్టంతా నిలబడే చేయాలి. కానిస్టేబుల్ కావాలన్నది పట్టుదల. బూట్లకు రెండున్నర వేలు దాటి పెట్టలేనని ముందే చెప్పింది. సలహా అడిగింది కింద ఇంటి పెద్దావిడను, సర్కారు బడిలో పీఈటీగా చేసి రిటైరైన మనిషిని. పక్కనే ఉన్న ఆవిడ మేనకోడలు ఊరుకోలేదు. ఆ మేనకోడలు ఫిజియోథెరపిస్టు, ఏటా ఆగస్టు చివర జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరుగెత్తే అలవాటున్నది. అడిగిన మనిషి డ్యూటీకి వెళ్లిపోయింది గాని వాదన ఆగలేదు.

మేనత్త: లెక్క చూడు. 800 మీటర్లకు ఐదు నిమిషాల ఇరవై సెకన్లంటే కిలోమీటరుకు ఆరు నిమిషాల నలభై. ఇది బూట్లు గెలిపిచ్చే పరుగు కాదు బిడ్డా, ఊపిరి గెలిపిచ్చే పరుగు. కాలికి హాయిగ ఉన్నది ఏదో ఒకటి తీస్కోనీ. వేస్కోంగనే నాది అనిపియ్యాలె, అంతే.

మేనకోడలు: పరీక్ష రోజు ఐదు నిమిషాలే అత్తమ్మా. దానికంటే ముందు నాలుగైదు నెలలు సిమెంటు రోడ్ల మీద ఉరుకుతది గదా. పోలీసు ఈవెంట్స్‌కు తయారయ్యే ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా మోకాలి కింద ఎముక నొప్పితోని. బూట్లు కొనేది పరీక్షకు కాదు, ప్రాక్టీసుకు. నువ్వు చెప్పే హాయి ఎక్కడ దొరుకుతది? షాపుల ఏసీ కింద, నున్నటి నేల మీద, నాలుగడుగులకు. అక్కడ మెత్తగున్నదే గెలుస్తది. అదే బూటును నాలుగో కిలోమీటరు కాడ అడిగితే వేరే జవాబు చెప్తది.

మేనత్త: మరి నువ్వు దేన్ని అడుగుతవు?

మేనకోడలు: బరువు అడుగుత. మడమ కింద సోల్ ఎంత మందం, ముంగాలి కింద ఎంత, ఆ రెండింటికి తేడా ఎంత. దాన్ని డ్రాప్ అంటరు. కింది రబ్బరు తడి రోడ్డు మీద పట్టుకుంటదా లేదా. వేళ్ల దగ్గర వెడల్పు. ఇవన్నీ కొలిచేవి, మోజు కావు. ఒక్కో బూటుకు వంద గ్రాములు పెరిగితే పరుగుకు పట్టే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతదని పరిశోధనలల్ల తేలింది.

మేనత్త: ఒక్క శాతం. పిల్లకు 320 సెకన్లున్నయ్, అందుల మూడు సెకన్లు. దానికోసం పేపరు మీద అంకెలు చూసి కొనాల్నా? సరే, ఆ బరువు ఎవరి బూటుది? డబ్బా మీద రాసిన బరువు అమెరికా సైజు తొమ్మిది మగ బూటుది, లేకుంటే ఏడో నంబరు ఆడ బూటుదని నువ్వే చెప్పినవ్ ఒకసారి. మన పిల్ల కాలు నాలుగో, ఐదో.

మేనకోడలు: అందుకే షాపుల తూచమంట. కూరగాయల షాపుల గూడ తరాజు ఉంటది, బూట్ల షాపుల ఉండదు.

(తరాజు సంగతి నవ్వులాటకు చెప్పింది కాదు. వంటింటి డిజిటల్ తరాజు మీద బూటు పెట్టి చూసే రన్నర్లు హైదరాబాద్‌లో ఉన్నారు. అయినా ఈ అమ్మాయికి అవసరమైన మొదటి కొలత బరువు కాదనే నా అభిప్రాయం. అసలు కొలత దగ్గరికి వీళ్లే వస్తారు.)

మేనత్త: ఆ డ్రాప్ సంగతి జెప్పు. మడమ ఎత్తుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?

మేనకోడలు: మంచి చెడు కాదు, బరువు ఎక్కడ పడుతదన్నదే లెక్క. మడమ ఎత్తుంటే మోకాలి మీద పని ఎక్కువ పడుతది. తగ్గిస్తే పిక్క మీద, మడమ వెనక నరం లెక్క గట్టిగ ఉంటది చూడు, దాని మీద పడుతది. కొత్తగ మొదలుపెట్టేటోళ్లకు ఎనిమిది, పది మిల్లీమీటర్లు సేఫ్.

మేనత్త: ఎవరికి సేఫ్? చిన్నప్పటిసంది మడమ బూట్లల్ల తిరిగిన దేశపోళ్లకు. మన పిల్ల పుట్టినకాడికెల్లి చెప్పులు, ఉత్తకాళ్లు. దాని పిక్కలు కుదించుకపోలే. నేను పీఈటీగ ఉన్నన్ని రోజులు జిల్లా మీట్‌లల్ల ఉత్తకాళ్ల మీద ఉరికే పిల్లలను చూసిన. బూట్లేసుకున్నోళ్లే వెనక పడేటోళ్లు, అవి వాళ్లవి కావు గనుక.

మేనకోడలు: మట్టి గ్రౌండ్ మీద గదా అత్తమ్మా. అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్తకాళ్లతోనే గెలిచిండు, నిజం. 1964 టోక్యోల బూట్లేసుకొని మళ్ల గెలిచిండు. నువ్వు మొదటిది చెప్పి రెండోది వదిలేస్తవ్. నాచారం నుంచి మల్లాపూర్ వచ్చే రోడ్డు మీద ఉత్తకాళ్లతోని ఉరకమను చూద్దాం. లారీలు, పగిలిన అంచులు, గాజు ముక్కలు.

మేనత్త: ఉత్తకాళ్లతో ఉరకమన్ననా నేను? పల్చటి బూట్లు సాలు అంటున్న. కింద నేల తెలియాలె.

మేనకోడలు: ఇక్కడ నీకు ఎదురుగ ఒక సాక్ష్యం ఉన్నది. 2020ల లక్సెంబర్గ్ పరిశోధకులది. 848 మంది రన్నర్లకు చూడటానికి ఒక్క తీరుగ ఉండే బూట్లిచ్చిండ్రు. కొందరివి గట్టి సోల్, కొందరివి మెత్తటిది. ఎవరివి ఏవో వాళ్లకు చెప్పలే. ఆరు నెలలు చూసిండ్రు. గట్టివి వేసుకున్నోళ్లకు దెబ్బలు ఎక్కువైనయ్. అందుల వింత ఏందంటే, ఆ తేడా బరువు తక్కువున్నోళ్లలోనే గట్టిగ కనబడ్డది, బరువున్నోళ్లల్ల అంతగ లేదు.

మేనత్త: ఉల్టా ఉండాలె గదా. బరువున్నోళ్లకు కుషన్ కావాలె అంటరు అందరు.

మేనకోడలు: అందరు అంటరు. నాకు తోచిన కారణం చెప్తున్న, ఇది పరిశోధన మాట కాదు. నురుగు నొక్కుకుంటేనే కుషన్. డెబ్బై అయిదు కిలోల మగమనిషి కింద నొక్కుకునేటట్టు చేసిన నురుగు నలభై ఎనిమిది కిలోల పిల్ల కింద కదలదు. ఆమెకు అది చెక్క. అదే అచ్చును చిన్నగ చేసి, గులాబీ రంగు పూసి, ఆడవాళ్ల షూ అని అమ్ముతున్నరు.

మేనత్త: ఇది నాకు నచ్చింది. అయితే నా మాటే నిలబడ్డది. పేపరు మీద రాసిన మందం కాదు, ఈ పిల్ల కాలి కింద మెత్తగ అనిపిస్తదా లేదా అన్నదే లెక్క. అది చెప్పేది పిల్లే. నీ మిల్లీమీటర్లు చెప్పవు.

మేనకోడలు: పల్చటి బూట్లు చాలన్నదానివి, అప్పుడే మెత్తదానికొచ్చినవ్?

మేనత్త: వచ్చిన. అయితేంది?

(ఇక్కడ ఇద్దరూ కాసేపు అరికాలి వంపు గురించి మాట్లాడుకున్నారు. పెద్ద షాపుల్లో గాజు పలక మీద నిలబెట్టి, పాదం అచ్చు తీసి, ‘మీది చదును పాదం, ఈ మోడలే కొనాలి’ అనే పద్ధతి ఒకటుంది. మేనత్త దాన్ని నమ్ముతుందనుకున్నాను. యంత్రం మీద గౌరవం ఆ తరానికి ఎక్కువ. మేనకోడలే తీసిపారేసింది.)

మేనకోడలు: అమెరికా సైన్యంల 2009ల చేసి చూసిండ్రు. కొత్తగ చేరిన రిక్రూట్లు, ఆడోళ్లు మగోళ్లు ఇద్దరు. సగం మందికి పాదం వంపు చూసి దానికి తగ్గ బూట్లిచ్చిండ్రు, మిగతా సగానికి వంపు ఏదైనా ఒక్క తీరు బూట్లు. దెబ్బలల్ల తేడా రాలే. తర్వాత వైమానిక దళంల, మెరైన్లల్ల చేసినా అంతే. మన పిల్ల కూడ రిక్రూటే గదా, ఆమెకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకది. డెన్మార్క్‌ల 927 మంది కొత్త రన్నర్లను ఏడాది చూస్తే, పాదం లోపలికి వాలేటోళ్లకు దెబ్బలు ఎక్కువ కాలేదని 2014ల చెప్పిండ్రు.

మేనత్త: మరి దెబ్బలు తగ్గింది దేనితోని?

మేనకోడలు: …కెనడా కాల్గరీ యూనివర్సిటీవాళ్లు 2001ల సైనికులకు ఆరు రకాల ఇన్‌సోల్స్ ఇచ్చి, హాయిగ ఉన్నది మీరే ఏరుకోమన్నరు. ఏరుకున్నోళ్లకు దెబ్బలు తగ్గినయ్.

మేనత్త: గట్టిగ చెప్పు, వినబడలే.

మేనకోడలు: వినబడ్డది నీకు. కని ఆరింటిని వేసి చూసి ఏరుకున్నరు. ఒక్కటే తొడిగి ‘హాయిగుంది, ప్యాక్ చెయ్’ అనలే. హాయి సాక్ష్యమే, కాదనను. ఆ సాక్ష్యం సరిగ తీసుకోవాలె. షాపోడు మనల్ని తొందర పెడుతడు, ఏసీ కింద కాలు వాపు తగ్గి ఉంటది, ధర చూసినంక కాలు గూడ అబద్ధం చెప్తది.

మేనత్త: ఇప్పుడు దారికొచ్చినవ్. ఎట్ల తీసుకుంటరు మరి సాక్ష్యం?

మేనకోడలు: పిల్లను పొద్దుగాల తీసుకపోవద్దు. షిఫ్టు దిగినంక పోవాలె. పొద్దంతా నిలబడ్డ కాలు పొద్దటి కాలు కంటే పెద్దగుంటది, ఉరికినప్పుడు ఇంకా ఉబ్బుతది. ఉరికేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకోవాలె, షాపోడిచ్చే నైలాన్ తొడుగు కాదు. రెండు కాళ్లకు తొడగాలె, రెండు కాళ్లు ఒక్క తీరు ఉండవు, పెద్దదానికి సరిపోవాలె. పెద్దవేలు ముందు బొటనవేలి గోరంత జాగ ఉండాలె. బ్రిటిష్ నంబర్లల్ల ఒక సైజుకు, ఇంకో సైజుకు తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, అంగుళంల మూడో వంతు. అర సైజు అడగడానికి మొహమాటపడొద్దు. దిగే రోడ్డు మీద వేలు పోయి ముందు గుద్దుకుంటే గోరు నల్లగైతది.

మేనత్త: మూడు జతలు తెప్పియ్యాలె. ఒకటి, రెండు, మూడు వేసి, మళ్ల మొదటిది వెయ్యాలె. రెండోసారి వేసినప్పుడు మొదట చెప్పిన మాటే చెప్తే నమ్ము, లేకుంటే నమ్మకు. ధర చెప్పకుండ వెయ్యమను. కళ్లు మూసుకొని వేస్తే ఇంక మంచిది, రంగు కనబడదు.

మేనకోడలు: ఇది నీకెవరు చెప్పిండ్రు?

మేనత్త: ముప్పై ఏండ్లు పిల్లలకు బూట్లు పంచిన. రంగు చూసి సైజు అబద్ధం చెప్పే పిల్లలను చూసిన.

మేనకోడలు: ఒక కాలికి ఒకటి, ఇంకో కాలికి ఇంకోటి వేసుకొని కూడ చూడాలె. పక్కపక్కన పెడితే తేడా తొందరగ తెలుస్తది. షాపు బయటికొచ్చి ఉరకనియ్యమని అడగాలె. ఒప్పుకోకుంటే కనీసం మెట్లెక్కి దిగాలె. ‘వాడంగ వాడంగ సాగుతయ్’ అని ఎవడన్న అంటే లేచి రావాలె. రన్నింగ్ షూ తోలు చెప్పు కాదు, మొదటి రోజు గుచ్చేది ఆఖరి రోజు దాకా గుచ్చుతది.

మేనత్త: ఇంత చెప్పినవ్, అసలు ముచ్చట నీకు యాదిలేదు. ఆమె కాలికి ఏమున్నయ్?

మేనకోడలు: ఏమున్నయ్?

మేనత్త: మెట్టెలున్నయ్. పట్టీలున్నయ్.

(ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆడవాళ్ల రన్నింగ్ షూస్ మీద ఎన్నో సమీక్షలు చదివాను. మడమ కప్పు, మెష్ గాలి, నురుగు తిరుగుదెబ్బ అన్నీ కొలుస్తారు. పెద్దవేలి పక్కన ఉన్న వేలికి వెండి చుట్టు ఉన్న పాదం ఆ బూటులోకి వెళ్తుందని ఒక్కరూ రాయలేదు. రాయాల్సిన అవసరం వాళ్లకు లేదు. మనకుంది.)

మేనత్త: మెట్టె ఉన్న వేలు పక్క వేలిని దొబ్బుతది. ఉబ్బిన కాలు, బిగుతు బూటు, మధ్యల వెండి. రెండు కిలోమీటర్లకు వేలి సందుల బొబ్బ. పట్టీ ఉన్నదా, బూటు అంచు చీలమండ కాడ దాన్ని నొక్కి గీరుతది. వాళ్ల అత్త ముందు మెట్టెలు తియ్యమంటవా? తియ్యమంటే పిల్ల ఉరుకుడు బంద్ చేస్తది, మెట్టెలు తియ్యది.

మేనకోడలు: ప్రాక్టీసు గంటసేపన్న తియ్యమనాలె. గాజులు తీసి గుండు విసరమనవా నువ్వు?

మేనత్త: నేను అడుగుత. ఆమె ఒప్పుకోకపోతే? బూటు ఆమె కాలికి రావాలె గని, కాలు బూటుకు కాదు. అందుకే చెప్తున్న, ఆడవాళ్ల మోడల్ వద్దు. మగపిల్లలది తీస్కోమను. వెడల్పు ఉంటది, ధర తక్కువుంటది, రంగు గూడ మనిషి వేసుకునేటట్టు ఉంటది.

మేనకోడలు: ఇక్కడ నేను ఒప్పుకోను. 2001ల అమెరికా సైన్యం కొలతలు తీసుకొని చేసిన పరిశోధన ఒకటున్నది. ఆడవాళ్ల పాదం మగవాళ్ల పాదానికి చిన్న నమూనా కాదు, ఆకారమే వేరు అని చెప్పింది. మామూలుగ ముంగాలితో పోలిస్తే మడమ సన్నగుంటది. మగ బూటు వేస్తే ముందు హాయిగుంటది, వెనక మడమ లేస్తది. ప్రతి అడుగుకు లేచి పడితే మడమ మీద బొబ్బ, పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకుంటయ్, పిక్క పట్టేస్తది.

మేనత్త: లేసులు పైదాక కట్టుడు నేర్పియ్యి. ఆఖరు కన్నం ఒకటి ఉత్తగనే ఉంటది అందరి బూట్లల్ల. అందుల లేసును కొంకి లెక్క తిప్పి, అవతలి లేసు దాంట్ల దూర్చి గుంజితే మడమ కదలదు. వేళ్ల కాడ వదులుగ, చీలమండ కాడ బిగువుగ. దీనికి పైసలు పడవు.

మేనకోడలు: అది కొంతవరకే పనిచేస్తది. అమెరికా లెక్కల ఆడబూటు మామూలు వెడల్పును బి అంటరు, మగబూటుది డి. ఆడబూట్లల్ల వెడల్పుది గూడ డి యే. అది దొరికితే మడమ సన్నగ, ముందు వెడల్పుగ వస్తది.

మేనత్త: ఉప్పల్ల, హబ్సిగూడల, నాచారంల ఏ షాపుల దొరుకుతది ఆ వెడల్పుది? రెండున్నర వేలల్ల?

మేనకోడలు: …దొరకది. ఆన్‌లైన్ల దొరికితే దొరకొచ్చు.

మేనత్త: మరి?

మేనకోడలు: మరి అంటే, తప్పు పిల్ల కాలుది కాదు, సైజులది. మన దేశంల బూట్ల సైజులు మన పాదాలను చూసి చేసినవి కావు. చెన్నైల తోలు పరిశోధన సంస్థ ఉన్నది గదా, సీఎల్‌ఆర్‌ఐ, మన హబ్సిగూడ ఎన్‌జీఆర్‌ఐ లెక్కనే సీఎస్‌ఐఆర్‌ది. వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాక దేశమంతా 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్‌తోని కొలిచిండ్రు. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పు అని తేలింది. సన్నటి బూట్లు సరిపోక మనోళ్లు పెద్ద సైజు కొని, లేసులు బిగించి కట్టుకుంటున్నరని గూడ చెప్పిండ్రు. దాన్నిబట్టి ‘భ’ అనే కొత్త కొలతలు తయారు చేసిండ్రు.

మేనత్త: అదే గదా నేను ఇప్పటిదాక మొత్తుకునేది. లక్ష మంది కాళ్లు కొలిచి నా మాట చెప్పిండ్రు.

మేనకోడలు: వెడల్పు కావాలన్న మాట నీది. దానికి మగబూటే మందు అన్నది ఆ సర్వేల లేదు. ఇంకొకటి. ఆడపిల్లల పాదం పెరుగుడు పదకొండేండ్లకే శిఖరానికి చేరుతదట, మగపిల్లలకు పదిహేను, పదహారు. కని పెరుగుడు అక్కడ ఆగదు. 2013ల అమెరికాల అయోవా యూనివర్సిటీవాళ్లు 49 మంది గర్భిణులను చూసిండ్రు. అరవై, డెబ్బై శాతం మందికి పాదం పొడుగో, వెడల్పో పెరిగింది. వంపు కిందికి దిగింది. కాన్పు అయినంక గూడ వెనక్కి రాలే. అది ముఖ్యంగా మొదటి కాన్పుకే అని వాళ్ల అంచనా. పెండ్లప్పుడు నాలుగు నంబరు చెప్పులు వేసుకున్న పిల్ల ఇప్పుడు ఐదు కావచ్చు. ఆమెకు తెల్వకపోవచ్చు. షాపుల నంబరు చెప్పుడు కాదు, ముందు కొలిపియ్యాలె.

మేనత్త: నిజమే. నాకు గూడ ఇద్దరు పిల్లల తర్వాత చెప్పులు మారినయ్. వయసనుకున్న.

(ఖరీదైన బూట్ల ప్రస్తావన కూడా వచ్చింది, త్వరగానే పోయింది. 2023 సెప్టెంబరులో ఇథియోపియాకు చెందిన టిగిస్ట్ అసెఫా బెర్లిన్ మారథాన్‌ను 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో ముగించి అప్పటి ప్రపంచ రికార్డు సాధించినప్పుడు ఆమె వేసుకున్న అడిడాస్ బూటు బరువు 138 గ్రాములు, ధర 500 డాలర్లు. మన రూపాయల్లో నలభై వేల పైమాట. మేనకోడలు ఆ బూటు గురించి ఆరాటంగా చెబుతుంటే మేనత్త అడిగిన ప్రశ్న ఒకటే: ‘మల్లాపూర్ల ఎన్ని నెలల కిరాయి అది?’ ఆ సంభాషణ అక్కడే ఆగింది. అదే కంపెనీ బూట్లు మన దగ్గర, తిరుపతి జిల్లా తడ మండలం మాంబట్టులోని అపాచీ ఫ్యాక్టరీలో తయారవుతాయి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. సోలు అతికించే చేతులు మనవే, అచ్చు గీసే చేతులు కావు. మెట్టెలకు జాగా ఎందుకు లేదో ఈ దారిన ఆలోచిస్తే కొంత తెలుస్తుంది.)

మేనకోడలు: ధర సంగతికి రా. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండున్నర వేల లోపు జతకు జీఎస్టీ ఐదు శాతం, దాటితే పద్దెనిమిది. ఆమె చెప్పిన హద్దు, సర్కారు గీసిన హద్దు ఒక్కటే అయినయ్. రెండున్నర వేలల్ల మామూలు ఈవీఏ నురుగు వస్తది. తప్పులేదు. కని ఈవీఏ వేడికి మెత్తబడుతది. ఏప్రిల్ మధ్యాహ్నం దాన్ని బండి డిక్కీల పెట్టొద్దు, తడిసినంక ఎండల వెయ్యొద్దు, జిగురు వదులుతది. లోపల పేపరు కుక్కి నీడకు ఆరబెట్టాలె.

మేనత్త: ఎన్ని రోజులు వస్తయ్?

మేనకోడలు: అయిదు వందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లని మామూలుగ అంటరు. అది గూడ మనిషిని బట్టి, రోడ్డును బట్టి. పైన గుడ్డ మంచిగనే కనబడుతది, లోపల నురుగు చచ్చిపోయి ఉంటది. బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడు, ఒక పక్కకు వాలితే అయిపోయినట్టు. అందుకే రెండు జతలు కొనమంట. లక్సెంబర్గ్‌ల 264 మందిని చూస్తే, ఒకటి కంటే ఎక్కువ బూట్లు మార్చి మార్చి వేసేటోళ్లకు దెబ్బల ముప్పు 39 శాతం తక్కువున్నది.

మేనత్త: రెండు జతలు కొనగలిగేటోళ్లు తిండి గూడ మంచిగ తింటరు, నిద్ర గూడ పోతరు. అది బూట్ల ఘనతేనా?

మేనకోడలు: వేరే సంగతులు కొన్ని లెక్కలకు తీసుకున్నరు. నువ్వన్నవి అన్నీ తీసుకోలేదేమో, అది ఒప్పుకుంట.

మేనత్త: ఒక్క జతే. రెండో జత పైసలతోని పిల్లకు మూడు నెలలు గుడ్లు వస్తయ్. ఇంక రోజూ సిమెంటు మీద ఎందుకు? వారంల రెండు రోజులు మట్టి గ్రౌండ్‌కు తీసుకపోత నేను. నేల మార్చినా కాలికి మార్పే.

మేనకోడలు: అది మంచిది. కని ఆ రోజు గూడ బూట్లతోనే.

మేనత్త: చూద్దాం.

(‘చూద్దాం’ అంటే ఆవిడ ఉత్తకాళ్లతోనే ఉరికిస్తుంది. మేనకోడలికీ తెలుసు. రెండో జత విషయంలో నేను మేనత్త వైపే, మగబూటు విషయంలో మేనకోడలి వైపు. మడమ లేచే బూటును లేసులు పూర్తిగా బాగుచేయలేవు. ఆడవాళ్ల మోడల్‌లోనే అర సైజు పెద్దది తీసుకుని, వేళ్ల దగ్గర లేసు ఒక కన్నం వదిలేసి కట్టి చూడమని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు గనుక నేను చెబుతున్నాను.)

షిఫ్టు ముగించుకుని అమ్మాయి వచ్చింది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. సాయంత్రమే వెళ్లాలి, సాక్సు తీసుకెళ్లాలి, పాదం కొలిపించాలి, ఆఖరు కన్నం, గోరంత జాగా, మెట్టెలు. అమ్మాయి అంతా విని అడిగింది.

అమ్మాయి: నల్లయి దొరుకుతయా మేడం? డ్యూటీకి గూడ అవే వేస్కుంట. అక్కడ చెప్పులేస్తే సూపర్‌వైజర్ ఒప్పుకుంటలేడు.

మేనకోడలు: డ్యూటీకా? వద్దు వద్దు. రోజంతా నిలబడితే నురుగు అణిగి, రెండు నెలలకే చస్తది. అవి ఉరికేటందుకే పెట్టు.

మేనత్త: ఇది మాత్రం కోడలు చెప్పింది నిజం. డ్యూటీకి వేరేవి కావాలె.

అమ్మాయి: వేరేవి ఎక్కడియి మేడం?

మేనత్త: నావి పాత బూట్లు ఉన్నయ్, సోల్ మంచిగనే ఉన్నది. తీస్కపో. నీ నంబరెంత?

అమ్మాయి: ఐదు కావచ్చు.

మేనత్త: నావి ఆరు.

మేనకోడలు: రెండు సాక్సులు వేస్కో.